‘అంటదు’ అంటే సరిపోతుందా?

చాలాకాలంగా రాయాలనుకుంటూ, రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక సాకుతో లేచిపోతూ వచ్చిన విషయమిది. నా చర్మం గురించి. ఇదేమి విషయమని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కానీ ముప్ఫయ్యేళ్లుగా ఎక్కడికి వెళ్లినా, నేను నోరు తెరవకముందే నా చర్మం మాట్లాడేస్తోంది. అది చెప్పినదానికి సంజాయిషీలు ఇచ్చుకోవడంతోనే నా మాటల్లో సగం ఖర్చయిపోయాయి. ఆ సంజాయిషీల్లో నేను చేసిన ఒక తప్పును ఒప్పుకోవడానికే ఈ టపా.

నాకు బొల్లి ఉంది. పంతొమ్మిదో ఏట ఎడమ పాదం మీద, హవాయి చెప్పు పట్టీ ఒరుసుకునే చోట, చింతగింజంత తెల్లమచ్చగా మొదలైంది. తరవాత మొలతాడు కింద, వేళ్ల కణుపుల మీద, పెదవుల చివర. ఒరిపిడి ఉన్నచోట కొత్త మచ్చలు పుట్టడం ఈ జబ్బు స్వభావమని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. కుడిచేతి మీది మచ్చ అంచులు ఏడాదికోసారి మారేవి. భద్రాచలం వాసులకు ఇది వింతగా తోచదు. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఊరు ఆ ఏడాది ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో ఊరిని ఇటే ఉంచి చుట్టుపక్కల పల్లెలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2016లో ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదయింది. మ్యాపు ఎన్నిసార్లు మారినా అక్కడి మనుషులు మారలేదు. నా విషయంలో మాత్రం చేతి మీది మ్యాపు మారినకొద్దీ మనుషులు మారుతూ వచ్చారు.

ముందుగా జబ్బు సంగతి చెప్పాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలను మన రోగనిరోధక వ్యవస్థే పరాయివనుకొని చంపివేయడం వల్ల వచ్చేది బొల్లి. ఇందులో క్రిమి లేదు. క్రిమి లేనిది ఒకరినుంచి ఒకరికి అంటే ప్రసక్తే లేదు. లోకంలో ప్రతి రెండు వందల మందిలో కనీసం ఒకరికి ఉంటుందని అంచనా. తెల్లబడిన చోటు ఎండకు త్వరగా కమిలిపోతుంది. కొందరికి థైరాయిడ్ సమస్య తోడవుతుంది కనుక ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. అంతకుమించి ప్రాణానికిగాని, అవయవాలకుగాని ముప్పు లేదు. నొప్పి లేదు, చాలామందికి దురద కూడా ఉండదు. మైకేల్ జాక్సన్ తనకు ఈ జబ్బు ఉన్నట్టు 1993లో ఓప్రా విన్‌ఫ్రీకి ఇచ్చిన ముఖాముఖిలో లోకానికి చెప్పుకున్నాడు. ఆయన కన్నుమూసిన జూన్ 25నే ఇప్పుడు ఏటా ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు.

ఇంత నిరపాయమైన జబ్బుకు మన వాళ్లు చెప్పే కారణాలు మాత్రం నిరపాయమైనవి కావు. చేపలు తిని పాలు తాగితే వస్తుందంటారు. గోదావరి ఒడ్డున పుట్టి పదేళ్లపాటు చేప ముట్టకుండా బతికాను. మచ్చలు తగ్గలేదు, చేపలు తిననందుకు బాధ మాత్రం మిగిలింది. పూర్వజన్మలో చేసిన పాపమంటారు. ఆ జన్మలో చేసినదేమిటో గుర్తులేదు కనుక దానికి నేను జవాబు చెప్పలేను.

మా అమ్మ బావంచాలు నానబెట్టి నూరి, మచ్చలకు రాసి, మిట్టమధ్యాహ్నం పెరట్లో కూర్చోబెట్టేది. ఆమె పూర్తిగా పొరపాటేమీ పడలేదు. ఆయుర్వేదం ఈ జబ్బును శ్విత్రమనే పేరుతో గుర్తించి బావంచాలనే మందుగా వాడింది. ఆ గింజల్లో ఉండే సోరాలెన్ అనే పదార్థం ఎండతో కలిసినప్పుడు చర్మంలో రంగు పుట్టిస్తుంది. 1940లలో ఈజిప్టులో ఎల్ మోఫ్టీ అనే వైద్యుడు నైలు లోయలో పెరిగే వేరొక మొక్కనుంచి తీసిన ఆ జాతి పదార్థంతోనే ఆధునిక చికిత్సకు దారి వేశాడు. అయితే సోరాలెన్ మోతాదు మించినా, ఎండ మించినా చర్మం కాలిపోతుంది. పాల్వంచ ఎండ సంగతి చెప్పేదేముంది? నా చేతులు నిండా బొబ్బలెక్కాయి. అంతవరకు మచ్చలను చూసీ చూడనట్టు ఉన్న వీధివారు, బొబ్బలను చూశాక మా గడప తొక్కడం మానేశారు. మందు చేసిన పని జబ్బు ఖాతాలో పడింది.

ఇక ఖమ్మం, భద్రాచలాల మధ్య బస్సు ప్రయాణాలు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆ దారి బస్సుల్లో నిలబడే చోటు కూడా కరవైంది. అంత రద్దీలోనూ నా పక్క సీటు కొత్తగూడెం దాకా ఖాళీగా వచ్చిన రోజులున్నాయి. కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు కాచుకునే దేశంలో, ఏ రుమాలూ అక్కరలేకుండా రెండు సీట్లు సంపాదించిన ఘనుణ్ని నేను. ఇది నవ్వుకుంటూ చెప్పగలిగే సంగతి.

నవ్వుకుంటూ చెప్పలేనిది మరొకటి ఉంది. భద్రాద్రి రాముడి కల్యాణానికి గోటి తలంబ్రాల కోసం భక్తులు ఊళ్లలో కూర్చుని వడ్లను రోకలి తాకనీయకుండా గోళ్లతో ఒలుస్తారన్నది తెలిసిందే. ఒక ఏడాది మా వీధిలోనూ ఒలిచారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. అరగంట గడిచాక ఒక పెద్దావిడ ఎంతో మర్యాదగా, ‘‘బాబూ, నువ్వు పాటలు బాగా పాడతావు గదా, పాడు, వడ్లు మేం ఒలుస్తాం’’ అంది. నా ముందున్న పళ్లెం మెల్లగా పక్కకు జరిగింది. అంతవరకు నేను ఒలిచిన బియ్యాన్ని ఏం చేశారో నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆనాటినుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే, ‘‘ఇది బొల్లి అండి. అంటేది కాదు. కుష్ఠు కాదు, భయపడకండి’’ అని చెప్పేయడం. కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, పెళ్లి పంక్తిలో, మంగలి దుకాణంలో ఇదే పాఠం. చేతిసంచిలో ఒక స్టీలు గ్లాసు కూడా పెట్టుకునేవాణ్ని. ఎవరింటికి వెళ్లినా నా గ్లాసులోనే మంచినీళ్లు పోయించుకునేవాణ్ని. దాన్ని సంస్కారమనుకున్నాను. ఎదుటివారిని ఇబ్బంది పెట్టకపోవడం మంచి గుణమే కదా అనుకున్నాను.

ఆ పాఠంలో తప్పేముంది? ప్రతి మాటా నిజమే. అంటేది కాదు, నిజం. కుష్ఠు కాదు, నిజం. కానీ చివరి మాటను మరోసారి చూడండి. ‘కుష్ఠు కాదు, భయపడకండి’ అన్నానంటే, కుష్ఠు అయితే భయపడండి అన్నట్టే. నా నిర్దోషిత్వం రుజువు చేసుకోవడానికి నేను మరొకరిని బోనులోనే ఉంచి వచ్చాను.

ఈ మాట నాకు తట్టింది కాదు. ఒక పిల్లవాడు తట్టేలా చేశాడు.

నేను ఉపాధ్యాయుణ్ని. భద్రాచలం దాటాక ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్న రోజులవి. పిల్లల్లో చాలామంది కోయ గూడేలనుంచి వచ్చి అక్కడే ఉండి చదువుకునేవారు. ఏటా జూన్‌లో బడి తెరవగానే కొత్త పిల్లలు నా చేతులవైపు కళ్లప్పగించి చూసేవారు. నేను మొదటి తరగతిలోనే నా పాఠం చెప్పేసేవాణ్ని. నల్లబల్ల మీద బొల్లి అని ఒకవైపు, కుష్ఠు అని ఒకవైపు రాసి, నాది ఇదీ, అది కాదూ అని గీత గీసి చూపేవాణ్ని. పిల్లలు ఊరట చెందేవారు. నేనూ ఊరట చెందేవాణ్ని.

2018లో ఇంటింటి కుష్ఠు పరీక్షల కార్యక్రమంలో భాగంగా ఆరోగ్య సిబ్బంది మా బడికి వచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఆ పూట కనపడలేదు. ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కా వదలని పిల్లవాడు. వెతగ్గా వెతగ్గా వంటశాల వెనక కట్టెల చాటున దొరికాడు. చొక్కా విప్పించి చూస్తే వీపుమీద, చేతులమీద ఆరేడు మచ్చలు. పాలిపోయినట్టున్నాయి గాని, నా మచ్చల్లా పాలతెలుపు కాదు. ఆశా కార్యకర్త కళ్లు మూసుకోమని చెప్పి బాల్‌పెన్ను మొనతో మచ్చమీద తాకించింది. వాడికి తెలియలేదు. పక్కనే మంచి చర్మం మీద తాకిస్తే తెలిసింది. ఎడమచేతి చిటికెనవేలు అప్పటికే లోపలికి వంగడం మొదలైంది.

ఎన్నాళ్లనుంచని అడిగితే రెండేళ్లన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదురా అన్నాను. వాడు తల వంచుకుని అన్న మాట ఇది: ‘‘మీరే చెప్పారు గదా సార్... మీది పెద్దరోగం కాదు కాబట్టి భయం లేదని. నాది అదేనేమోనని...’’

రెండేళ్లు. నా మచ్చల మీద నేను ఏటా ఇచ్చిన ఉపన్యాసాలు రెండు.

ఆ పిల్లవాడికి మందు ఉచితంగానే దొరికింది. నెలకొక అట్ట చొప్పున పన్నెండు నెలలు. రిఫాంపిసిన్ వేసుకున్న రోజున మూత్రం ఎర్రగా వస్తే వాడు బెదిరిపోకుండా ముందే చెప్పాం. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు కమిలినట్టు నల్లబడింది. నేను తెల్లబడుతుంటే వాడు నల్లబడ్డాడు. బడిలో మేమిద్దరం పక్కపక్కన నిలబడితే చూసేవాళ్లకు వింతగానే ఉండేది. క్రిమి పోయింది, మచ్చలు తగ్గాయి. కానీ దెబ్బతిన్న నరం పూర్తిగా తేరుకోలేదు. ఆ చిటికెనవేలు ఇప్పటికీ వంగే ఉంది. మొదటి ఏడాదే చెప్పి ఉంటే వంగేది కాదేమో. ఆ ‘ఏమో’ను నేను ఎక్కడికి వెళ్లినా మోసుకుని తిరుగుతున్నాను.

చికిత్స మొదలైన వారానికి ఇంకొకటి గమనించాను. భోజనాల వేళ వాడు వరుస చివర కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న వేరే పళ్లెంలో తింటున్నాడు. వేరే పళ్లెం పెట్టుకోమని వాడికి ఎవరూ చెప్పలేదు. ‘‘మీకూ వేరే గ్లాసుంది గదా సార్’’ అన్నాడు.

అంతవరకు సంస్కారమనుకున్న నా గ్లాసు, వెలివేతను ఎలా పాటించాలో ఒక పిల్లవాడికి నేర్పిన పాఠ్యపుస్తకమయింది.

ఆ తరవాత నేను అంటు గురించి కొంత చదువుకున్నాను, కొంత ఆలోచించాను. మొదట ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తెలుగులో అంటువ్యాధికీ, అంటుముట్టుకూ, అంటరానితనానికీ, చివరకు తోమవలసిన అంట్లకూ ఒకే మాట. జబ్బు, మైల, కులం, ఎంగిలి అన్నీ అందులోనే ఇమిడిపోయాయి. అలాంటి భాషలో ‘ఇది అంటదు’ అని నేను క్రిమిని ఉద్దేశించి చెబితే, వినేవారి మనసులో ఏ అంటు మెదులుతుందో ఎవరు చెప్పగలరు? తలంబ్రాల పళ్లెం జరిపిన పెద్దావిడ క్రిమికి భయపడిందనుకోను. ఆమె భయం మైల గురించి. దానికి వైద్యశాస్త్రం జవాబు చెప్పలేదు. శబరి కొరికి రుచి చూసి ఇచ్చిన పండ్లను తిన్నాడని మనం చెప్పుకునే రాముడి కల్యాణానికే ఆ బియ్యం వెళ్తున్నాయన్న సంగతి ఆమెకు గుర్తుచేసి ఉండవలసింది. అన్నట్టు, అంటుకు మంచి అర్థం లేకపోలేదు. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు మామిడితోటల వారిని అడగండి. అంటు కట్టడమంటే రెండు చెట్లను ఒకటిగా బతికించడం.

రెండోది ఇంకా ముఖ్యమైనది. మన భయానికీ, నిజంగా అంటే గుణానికీ పొంతన లేదు. పొంతన లేకపోవడమే కాదు, ఒక్కోచోట తలకిందులుగా ఉంది.

గజ్జిని తీసుకోండి. చర్మం చర్మానికి తగిలితే పాకుతుంది. వసతిగృహంలో ఒకరికి వస్తే గదిలో సగం మందికి వస్తుంది. అయినా గజ్జి వచ్చిన పిల్లవాణ్ని ఎవరూ వెలివేయరు. నవ్వుతారు, ఎగతాళి చేస్తారు, అందరికీ మందు పూసి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తారు. అంతే. తామర సంగతీ అంతే. ఒకే తువ్వాలు నలుగురు వాడే ఇంట్లో నలుగురికీ వస్తుంది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కున్న స్టెరాయిడ్ కలిసిన పూతమందులతో అది ఇప్పుడు దేశమంతటా మొండికేసి కూర్చుంది. అయినా తామర ఉందని ఏ పెళ్లీ ఆగలేదు.

కుష్ఠు చూడండి. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే దాని క్రిమిని కనిపెట్టాడు. పాపానికీ వంశానికీ సంబంధించినది కాదని తేలి నూట యాభై ఏళ్లు దాటింది. నూటికి తొంభై అయిదు మందికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుందంటారు. మందు వాడని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితే తప్ప రాదు. కరచాలనం చేస్తేనో, పక్కన కూర్చుంటేనో, కలిసి తింటేనో రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స మొదలుపెట్టాక రోగినుంచి ఇతరులకు సోకే అవకాశం త్వరలోనే పోతుంది. అయినా ఊళ్లనుంచి వెలివేతలు, గుడి మెట్ల మీద బతుకులు దానికే దక్కాయి.

చివరకు బొల్లి. అసలే అంటదు. దానికి పెళ్లిళ్లు ఆగుతాయి. నుదుట స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ వచ్చినందుకు చూడవచ్చినవారు లేచిపోయిన ఇల్లు నాకు తెలుసు. అది బొట్టు జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం వల్ల వచ్చిన మచ్చ. స్టిక్కరు మానేసి కుంకుమ పెట్టుకోవడంతోనే పాకడం ఆగింది. ఆ సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

బాగా అంటేదానికి నవ్వు, అరుదుగా అంటేదానికి వెలి, అంటనిదానికి కన్నీళ్లు! కనుక మనం నిజంగా భయపడేది అంటుకు కాదు. కనపడే మచ్చకు, దాని వెనక మనం అల్లుకున్న కథకు. అలాంటప్పుడు ‘అంటదు’ అన్న ఒక్క మాటతో ఆ భయం ఎలా పోతుంది?

చట్టం కూడా చాలాకాలం ఆ కథనే నమ్మింది. నిరుపేద కుష్ఠురోగిని వారంటు లేకుండా పట్టి నిర్బంధించే అధికారం పోలీసులకు ఇచ్చిన 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. ఒడిశాలో కుష్ఠురోగులు పురపాలక పదవులకు అనర్హులన్న నిబంధనను 2008లో సాక్షాత్తు సుప్రీంకోర్టే సమర్థించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకు కుష్ఠు ఒక కారణంగా ఉండేది. పార్లమెంటు దాన్ని 2019లో తొలగించింది. మందు దొరికిన నలభై ఏళ్లకు చట్టానికి జ్ఞానోదయమయింది. మా పిల్లవాడు చికిత్స పొందుతున్న రోజుల్లో కూడా, వాడి జబ్బు కాగితం మీద విడాకులకు సరిపోయేంత నేరమే.

నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు భర్తతో కలిసి 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి మొదలుపెట్టింది. ఆ కాలంలో హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. అంతకు మించిన మందు లేదు. ఆనాడు రోగులను వేరుగా ఉంచారంటే ఆ కాలపు వైద్యానికి తెలిసింది అంతే. ఈనాడు మందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. అయినా పళ్లెం మాత్రం వేరుగానే ఉంది.

2005 చివరికి దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా అంతరించిందని ప్రకటించారు. పదివేల మందికి ఒకరికన్నా తక్కువ రోగులుండటమే ఆ మాటకు అర్థం. జబ్బు పోయిందని కాదు. 2022లో లోకమంతటా కొత్తగా బయటపడిన 1,74,087 మందిలో 1,03,819 మంది మన దేశంవారే. బయటపడనివారు, నిండు చేతుల చొక్కాల్లో దాక్కున్నవారు ఈ లెక్కలో లేరు. వారిని దాచేది జబ్బు కాదు, మన మాటలే.

ఇక్కడ నాలాంటి మచ్చలవారే నాతో వాదానికి వస్తారు. ‘‘తెల్లకుష్ఠు అని పిలిచి తరతరాలుగా మమ్మల్ని చంపారు. ఇప్పుడిప్పుడే అది వేరు, ఇది వేరు అని జనానికి తెలుస్తోంది. మళ్లీ రెంటినీ కలుపుతావేమిటి?’’ అని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. ఆయన కోపంలో న్యాయముంది. ఆయన కూతురికి పెళ్లి కావలసి ఉంది. ఉన్న కాస్త ఊతకర్రను లాగేసుకుంటున్నాననిపించింది ఆయనకు.

నా జవాబు ఇది. జబ్బులను వేరుచేసి చెప్పవలసిందే. వేరు చేయకపోతే వైద్యమే లేదు. పాలతెల్లగా ఉండి స్పర్శ తెలిసే మచ్చ వేరు, పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ వేరు. రెండోది కనపడిన రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బొల్లికీ కొత్త మందులు వస్తున్నాయి. 2022లో రుక్సోలిటినిబ్ అనే పూతమందుకు అమెరికాలో అనుమతి లభించింది. ఇవన్నీ తెలియాలి, తెలపాలి. కానీ జబ్బులను వేరు చేయడం వేరు, మనుషులను వేరు చేయడం వేరు. ‘నాది అంటదు కనుక నన్ను వెలివేయకండి’ అన్న వాదనలో, అంటితే వెలివేయవచ్చుననే ఒప్పుకోలు దాగి ఉంది. ఆ ఒప్పుకోలు మీద నిలబడిన గౌరవం ఎన్నాళ్లు నిలుస్తుంది? రేపు ఎవరో ఒకరు ఇదీ అంటుతుందట అని పుకారు పుట్టిస్తే చాలు, కూలిపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చూశాం కదా. ముందురోజు దాకా కలిసి తిన్నవారే దగ్గిన పొరుగువాడి గుమ్మానికి కంప కట్టారు. అంటేదని తెలిస్తే చేయవలసిన పనులు కొన్ని ఉంటాయి. దూరం, మందు, శుభ్రత, కొన్ని రోజుల ఓపిక. వెలివేత వాటిలో లేదు.

అలాగని ‘అంటుతుందా?’ అని అడిగేవారిని నేను తప్పుపట్టను. పసిపిల్లలున్న తల్లి అడుగుతుంది, అడగాలి. అడగకుండా పక్కకు జరిగేవారికన్నా అడిగేవారు ఎంతో మేలు. నన్ను ముప్ఫయ్యేళ్లలో సూటిగా అడిగినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వారందరితోనూ నాకు ఇప్పటికీ స్నేహముంది. అడగనివారు అంతర్జాలంలో వెతికి, భయపెట్టే బొమ్మలు నాలుగు చూసి, ఇంకాస్త దూరం జరుగుతారు.

అడిగినవారికి చెప్పే జవాబే మార్చుకోవలసి ఉంది. ఆ తరవాతి జూన్‌లో బడి తెరిచినప్పుడు నల్లబల్ల మీద గీత గీయలేదు. ‘‘నాకున్నది బొల్లి, ఇది ఎవరికీ అంటదు. కుష్ఠు అని ఇంకొక జబ్బుంది, అది అరుదుగా అంటుతుంది, మందు వాడితే పూర్తిగా నయమవుతుంది, మందుకు డబ్బక్కరలేదు. గజ్జి తేలిగ్గా అంటుతుంది, దానికీ మందుంది. మీ ఒంటిమీద ఏ మచ్చ కనపడినా, అది ఏదైనా సరే, నాకు చూపండి. చూపినవారిని ఈ బడినుంచి ఎవరూ పంపించరు’’ అని చెప్పాను. పాత పాఠం కన్నా ఇది పొడుగు. ఇందులో నా గురించి ఉన్నది ఒక్క ముక్కే. ఆ సాయంత్రమే ముగ్గురు పిల్లలు వచ్చారు. ముగ్గురివీ ఉత్త శోభి మచ్చలు, పూతమందుతో పోయాయి. ఏమీ లేదని తేలిన ఆ ముగ్గురి ముఖాలు చూస్తే, అంతకుముందు ఏళ్లలో ఎందరు రాకుండా ఉండిపోయారోనని గుండె గుబులుమంది.

గ్లాసు సంగతి చెప్పి ముగిస్తాను. పళ్లెం చూసిన మర్నాడే దాన్ని వంటశాలలో అందరి గ్లాసులతో కలిపేశాను. వంటమనిషి ఒక క్షణం చూసి, ఏమీ అనకుండా తోమి బోర్లించింది. దానికో గుర్తు పెట్టి ఉండవలసిందని తరవాత అనిపించింది. ఇప్పుడది ఏదో, ఎవరు తాగుతున్నారో తెలియదు. పిల్లవాడు మాత్రం తన పళ్లెం కలపడానికి ఇంకో నెల తీసుకున్నాడు. నేను తొందరపెట్టలేదు. రెండేళ్లు నేర్పిన పాఠం ఒక్కరోజులో మరవమంటే ఎలా మరుస్తాడు?

ఇది చదివినవారిలో మచ్చలున్నవారుంటే వారికొక్క మనవి. ఈసారి ఎవరైనా అడిగినప్పుడు, ‘నాది అది కాదు’ అని చెప్పబోయే ముందు, ఆ ‘అది’ ఉన్న మనిషి మీ వెనకే నిలబడి వింటున్నాడేమో ఒకసారి చూసుకోండి.